అవ్వ ఆగే చోటు

మా మెన్నోనైట్ చర్చి పరిశోధక విద్యార్థులందరూ శామీర్‌పేటలో కలుస్తున్నారని, శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళిపోవచ్చని ఫోనుకి కబురొచ్చింది. నేను అలాంటి వాటికి వెళ్ళే మనిషిని కాదు. పది మందిలో కూర్చుంటే నాకు ముందు తలనొప్పి, తర్వాత కోపం, ఆ తర్వాత ఆకలి వస్తాయి. ఆ మెసేజి తీసేద్దామని వేలు పెట్టబోతూ ఎందుకో కింద దాకా చదివాను. కార్యక్రమాల్లో ఒక ముక్క ఉంది. శనివారం సాయంత్రం, పాత పాటలు, నాలుగు గొంతుల్లో. ఆ ఒక్క ముక్క కోసం వస్తానని జవాబు రాసేశాను.

ఎందుకో చెప్పాలంటే ముందు మా అవ్వ సంగతి చెప్పాలి.

అవ్వ పాలమూరు వైపు ఒక మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసింది. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మిషను హాస్టల్లోనే పెరిగింది. మా అమ్మా నాయినా బొంబాయికి పనికి పోయినప్పుడు నన్ను పెంచింది ఆమే. పొద్దుగూకే వేళ చాటలో బియ్యం పోసుకుని, రాళ్ళేరుతూ, రోజూ ఒకటే పాట పాడేది. హాస్టల్లో దొరసాని నేర్పిన పాట. అదో విచిత్రమైన పాట. పైకి పోదు, కిందికి రాదు. ఒకేచోట నిలబడి కాసేపటికి అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు వేస్తుంది. చివరికి కూడా ఇంట్లోకి రాకుండా గడప ముందే ఆగినట్టు ముగుస్తుంది. పల్లవి మధ్యలో ఒకచోట అవ్వ ఆగిపోయేది. కళ్ళు మూసుకుని, కుడిచేతి వేలు పైకెత్తి, కాసేపు ఊరుకుని మళ్ళీ అందుకునేది. ఆయాసమనుకునేదాన్ని. నేనూ పక్కన కూర్చుని అదే వరసలో పాడేదాన్ని. ఆమె వేలెత్తితే నేనూ ఎత్తేదాన్ని. నాకొచ్చిన మొదటి పాట అదే, నిజం చెప్పాలంటే చివరి పాటా అదే.

పోయినేడు అవ్వ చనిపోయింది. సమాధి చేసే ముందు చర్చిలో ఎవరో "అవ్వ పాట నీకే వచ్చు గద, పాడు బిడ్డా" అన్నారు. పాడాను. ఆ మాటలకు ఇప్పుడు మా చర్చిల్లో కొత్త వరస కట్టారు, హుషారుగా, చప్పట్లకు వీలుగా. పాత వరస పాడేవాళ్ళెవరూ మిగల్లేదు. మా పాటల పుస్తకంలో ఉండేవి మాటలే, వరస ఎలాగో అందులో ఉండదు. కీబోర్డు వాయించే అతను నా గొంతుతో కలవడానికి అక్కడ నొక్కి, ఇక్కడ నొక్కి, చేతులు తీసేశాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పల్లవిలో ఆ చోటికి వచ్చాక నేను అలవాటుగా వేలెత్తి ఆగాను. నేను మరిచిపోయాననుకున్నారు. వెనకనుంచి ఎవరో కొత్త వరస ఎత్తుకున్నారు, అందరూ అందుకున్నారు, కీబోర్డుకి ప్రాణం లేచొచ్చింది. వేలు పైకెత్తుకుని నేను అలాగే నిలబడ్డాను.

తర్వాత మా చిన్నమ్మ నా తల నిమిరి, "మీ అవ్వకు రాగం యాడ తెల్సు బిడ్డా. ఎట్లొస్తే గట్ల పాడేది. నువ్వు గదే నేర్చినవ్" అంది. ప్రేమగానే అంది. అదే నాకు ఎక్కువ మంట. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

అప్పట్నుంచీ నాకు ఒకటే పట్టుకుంది. అవ్వ పాట తప్పా? అన్నేళ్ళు, అంత శ్రద్ధగా, కళ్ళు మూసుకుని పాడిన మనిషి ఉత్తగా కూనిరాగం తీసిందా? అడుగుదామంటే అవ్వ ఈడువాళ్ళు ఒక్కరూ లేరు. ఆ వరస తెలిసిన మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నే అయితే, అది ఒప్పని చెప్పేవాళ్ళెవరు? చర్చిలో నోరు కదపడం మానేశాను. చివరి వరసలో కూర్చుని పెదాలు మాత్రం ఆడించి వచ్చేస్తాను.

గౌడవెల్లిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటాను. ఆముదం గెలలకు పట్టే బూజు తెగులు మీద నా పరిశోధన. ఊరి చివర ఒక రైతు దగ్గర కొంచెం చెలక తీసుకుని ఆముదం వేశాను. పొద్దున అక్కడ, మధ్యాహ్నం ల్యాబులో, రాత్రికి గదిలో. వానలు పట్టి బూజు బాగా వస్తే ఊళ్ళో అందరూ ఏడుస్తారు, నాకు పని దొరికిందని సంతోషం. అలాంటి మనిషితో ఎవరు స్నేహం చేస్తారు చెప్పండి. కొన్ని రోజులు సాయంత్రం దాకా నోరు తెరిచే పని పడదు. కిందింట్లో ఉండే ఓనరు పెద్దమ్మ పలకరిస్తే నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది.

శుక్రవారం బ్యాగు భుజానికేసుకుని దిగుతుంటే పెద్దమ్మే అడిగింది. "ఏడికి బిడ్డా, ఊరికా?"

"లేదు పెద్దమ్మా, శామీర్‌పేటకు. మా మెన్నోనైటోళ్ళ మీటింగున్నది."

"మెన్నో... గదేంది, మందు పేరు లెక్కున్నది."

"మా చర్చి పేరు. కొట్లాటలు వద్దు, ఒట్లు పెట్టుకోవద్దు అనేటోళ్ళం."

"కొట్లాట లేకుంటె ఇండ్లెట్ల నడుస్తయి బిడ్డా?" అంది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"మా చిన్నమ్మలను సూడలే నువ్వు. మస్తు నడిపిస్తరు" అన్నాను. ఆమె నవ్వింది. ఆ వారంలో అప్పటిదాకా నేను నవ్వించిన మనిషి ఆమె ఒక్కతే.

మేడ్చల్‌లో బస్సెక్కి శామీర్‌పేటలో దిగాను. చెరువు దగ్గరి బిర్యానీ హోటళ్ళు దాటి లోపలికి పోతే, చుట్టూ ప్లాట్లకు హద్దురాళ్ళు పాతిన చోట ఒక పాత విడిది భవనం ఉంది. కూడిక అక్కడే. గేటు దగ్గర మెడలో తాడు వేసి పేరు తగిలించారు. పేరు కింద ఊరు, ఊరి కింద చదువు. జనం నా మొహం చూడకుండా ముందు నా మెడకేసి చూశారు. చరిత్రవాళ్ళు చరిత్రవాళ్ళను వెతుక్కున్నారు, దైవశాస్త్రం వాళ్ళు ఒక మూల గుంపు కట్టారు, సంఘసేవ చదివేవాళ్ళు అప్పటికే భుజాల మీద చేతులేసుకుని ఫోటోలు దిగుతున్నారు. నా మెడలో "ఆముదం తెగుళ్ళు" అని చదివి, "ఓ, బాగుంది" అని అటు తిరిగిపోయారు. బాగుందట. బూజులో ఏం బాగుందో అడిగితే చెప్పగలరా?

భోజనాల దగ్గర ఇంకా అన్యాయం. పళ్ళెం పట్టుకుని ఒక బల్ల దగ్గరికి వెళ్తే, "ఇక్కడ మావాళ్ళొస్తున్నారండీ" అంటారు, మర్యాదగానే. ఇంకో బల్ల దగ్గరికి వెళ్తే అందరూ హిందీలో నవ్వుకుంటున్నారు, నేను కూర్చోగానే నా కోసమని ఇంగ్లీషులోకి మారి నవ్వడం మానేశారు. పప్పన్నం గబగబా మింగి లేచాను. నా చర్చి, నా మనుషులు అని చెప్పుకునే చోటే నాకు కూర్చునే చోటు లేదనిపించింది. గదిలో ఒక్కదాన్నే తింటే ఒంటరితనం ఇంతగా తెలియదు. అరవై మంది మధ్య తింటే తెలుస్తుంది.

నా గదిలో ఇంకొకామెను వేశారు. ఛత్తీస్‌గఢ్ మనిషి, నాకంటే కొంచెం పెద్దది. అంగన్‌వాడీ పిల్లల తిండి మీద పరిశోధన. ఆవిడ హిందీకి నా హైదరాబాదు హిందీ జోడించి మాట్లాడుకున్నాం గానీ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. మాట్లాడుకున్నాం అంటే ఆవిడే మాట్లాడింది, అదీ నాతో కాదు. ఇద్దరు పిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చిందట. వాళ్ళతో ఫోన్లో, స్పీకరు పెట్టి, పళ్ళు తోముకున్నారా, హోంవర్కు రాశారా, వాడెందుకు కొట్టాడు, నువ్వెందుకు కొట్టించుకున్నావు అంటూ ఒకటే గోల. నేను దుప్పటి ముసుగేసుకుని గోడవైపు తిరిగాను. ఒళ్ళు మండింది, కొంచెం అసూయ కూడా కలిగింది. నా ఫోను పక్కనే చప్పుడు లేకుండా పడి ఉంది.

శనివారం అంతా పత్రాలు చదవడం. ఈసారి కూడిక అంశం శాంతి. మావాళ్ళకు అది ప్రాణం, ఆయుధం పట్టకూడదన్నది మా పెద్దలు ప్రాణాలమీదికి తెచ్చుకుని నిలబెట్టిన మాట. అందరూ దాని మీదే చదివారు. నా వంతు వచ్చేసరికి ఆముదం గెల ఫోటో తెర మీద పడింది, బూడిదరంగు బూజుతో. హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. నేను చదివాక ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది. దీన్ని శాంతితో ఎలా ముడిపెడతారని.

"బూజు పోతే రైతు ఇంట్లో శాంతేనండీ" అన్నాను.

అందరూ నవ్వారు, నేను సరదాకి అన్నాననుకుని. నేను సరదాకి అనలేదు. దిగి వచ్చి నా కుర్చీలో కూర్చుని సాయంత్రం కోసం ఎదురుచూశాను.

సాయంత్రం అయ్యేసరికి పత్రాలు ఇంకా మిగిలే ఉన్నాయి. కూడిక నడిపిస్తున్న పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "పాత పాటల కార్యక్రమం ఉంటుంది కదండీ?" అని అడిగాను. ఆయన వాచీ చూసుకుని, "టైము సరిపోవట్లేదమ్మా. గ్రూపు ఫోటో కూడా ఉంది. పాటలదేముంది, రేపు ఆరాధనలో ఎలాగూ పాడతాం కదా" అన్నాడు. పాటలదేముంది! ఆ ఒక్క మాటకి నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చినంత పనైంది. గ్రూపు ఫోటోలో చివర నిలబడ్డాను. ఆ ఫోటో తర్వాత ఎవరో పంపారు, అందులో నేను ఎవర్నో కొట్టడానికి వచ్చినట్టున్నాను. శాంతి అని రాసిన బ్యానరు కింద.

మా కూడికల్లో ఒక పద్ధతి ఉంది. పనివాళ్ళకి వదిలేయకుండా భోజనం అయ్యాక గిన్నెలు మేమే కడుగుతాం, వంతులేసుకుని. ఆ పూట వంతు నాకు, నా గదిలో ఆవిడకు, ఒడిశా నుంచి వచ్చిన ఇద్దరు అబ్బాయిలకు పడింది. వాళ్ళిద్దరూ చరిత్ర పరిశోధకులు. వంటింటి వెనక నల్లాల వరస. నేను తోముతున్నాను, ఆవిడ కడుగుతోంది, అబ్బాయిలు తుడిచి పేరుస్తున్నారు. నేను ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేను. పళ్ళేల మీద నా కోపమంతా చూపిస్తున్నాను. రేపు మధ్యాహ్నం బస్సెక్కడమే, ఇక ఈ పాట సంగతి ఎవర్నీ అడిగేది లేదు, తప్పయితే తప్పే, అనుకున్నాను. అనుకుంటూనే, నాకు తెలియకుండానే కాబోలు, అవ్వ పాట సన్నగా పాడుతున్నాను. ఏడాది తర్వాత.

ఆవిడ చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని ఆగిపోయింది. "అదేంటి నువ్వు పాడుతున్నది?"

సిగ్గేసింది. "ఏం లేదు. మా అవ్వ పాడేది. వరస సరిగ్గా రాదు" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

"మొదట్నుంచీ పాడు."

"వద్దులెండి."

"పాడు" అంది, పళ్ళు తోముకో అని పిల్లలతో చెప్పే గొంతుతోనే. మాట వినకపోతే కుదరదన్నట్టు.

పాడాను. రెండు మాటలు అయ్యాయో లేదో ఆవిడ హిందీలో అందుకుంది. ఆవిడ వరస వేరు. పైకి లేచింది, వంగింది, మళ్ళీ లేచింది. నేను భయపడి ఆగబోతే తడిచేత్తో నా మోచెయ్యి పట్టుకుని, ఆపకు అన్నట్టు నొక్కింది. ఆపలేదు. ఒకేచోట నిలబడే అవ్వ పాట మీద ఆవిడ పాట వచ్చి కూర్చుంది. ఎక్కడా రాసుకోలేదు, ఎక్కడా గుద్దుకోలేదు. ఒక్కదాన్నే పాడినప్పుడు ఎబ్బెట్టుగా ఉండే ప్రతి చోటూ ఆ పక్కన ఇంకో గొంతు ఉండేసరికి ముద్దుగా ఉంది. నా చేతులకు సబ్బు నురగ, ఒళ్ళంతా పులకరింత.

పల్లవిలో ఆ చోటు వచ్చింది. నేను వేలెత్తి ఆగాను. ఆవిడా ఆగింది.

ఆ ఖాళీలో వెనకనుంచి అబ్బాయిలిద్దరూ అందుకున్నారు. తువ్వాళ్ళు చేతుల్లోనే ఉన్నాయి, బరువైన గొంతులు, ఒడియాలో మాటలు. అక్కడ పాడాల్సింది మగగొంతులే. వాళ్ళది అవగానే మళ్ళీ మా ఇద్దరి వంతు. పాట చివరికి నేను గడప ముందే ఆగాను, ఆవిడ లోపలికి వెళ్ళింది. రెండూ కలిస్తేనే అది ముగింపు.

తర్వాత ఆవిడే చెప్పింది. "ఇది నాలుగు గొంతుల పాట. నేను పాడింది పై గొంతు, పాట అంటే అందరికీ తెలిసేది అదే. మీ అవ్వది ఆల్టో, ఆడవాళ్ళలో కింది గొంతు. మా ఊళ్ళో ఇప్పటికీ ఇలాగే పాడతాం. ఆల్టో ఇంత కచ్చితంగా పాడేవాళ్ళు మాకే లేరు. మీ అవ్వకు ఎవరో గట్టిగా నేర్పారు."

"తప్పు లేదా?" అని అడిగాను.

"ఎక్కడా లేదు" అంది.

నేను నల్లా కింద చేతులు పెట్టి, మొహం కూడా అక్కడే కడిగేసుకున్నాను. ఆవిడ చూడనట్టే పళ్ళేలు కడిగింది. ఆ రాత్రి ఆవిడ పిల్లలతో ఫోన్లో ఎంత గోల చేసినా నాకు కోపం రాలేదు.

పడుకున్నాక మాత్రం సంతోషం నిలవలేదు. అవ్వది ఆయాసం కాదు. ఆగిన చోట ఆమె వింటోంది. హాస్టల్లో వరసగా నిలబడిన పిల్లల్లో ఆమెది ఒక గొంతు. మిగతా గొంతులు ఒక్కొక్కటే పోయాయి, పెళ్ళిళ్ళై, ఊళ్ళు మారి, చచ్చిపోయి. ఆమె తన వంతు తాను పాడుకుంటూ, వాళ్ళ చోట్లు వాళ్ళకు వదిలిపెట్టి, వేలెత్తి, కాసేపు ఆగి మళ్ళీ పాడుకుంది. పక్కన నేనున్నాను. ఆమెకు తోడుగా పాడుతున్నాననే అనుకున్నాను. ఆమె పాడిందే మళ్ళీ పాడాను. ఆమెకు కావలసిన గొంతు అది కాదు. పై వరస నాకు నేర్పకూడదా అవ్వా, అని దుప్పట్లోనే అడిగాను. వచ్చి ఉంటే నేర్పేదేమో, ఆమెకూ అది రాదేమో. వరసలో తన పక్కనున్న పిల్ల పాడుతుంటే విన్నదే తప్ప ఎప్పుడైనా పాడి ఉంటుందా?

ఆదివారం ఆరాధన అయ్యాక, ఆవిడ రైలుకు బయల్దేరే లోపల పై గొంతు నాకు నేర్పించుకున్నాను. చెట్టు కింద నిలబడి, ఆవిడ బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుని. నేను రెండు మాటలకోసారి అవ్వ వరసలోకి జారిపోతుంటే ఆవిడ నవ్వింది. "అటు లాగేస్తోంది నిన్ను" అంది. ఆటో వచ్చింది. ఎప్పుడైనా మా ఊరు రా, అక్కడ నాలుగు గొంతులూ ఉన్నాయి అంది. వస్తానన్నాను. అది మాట వరసకే అన్నానని ఇద్దరికీ తెలుసు.

గౌడవెల్లికి వచ్చేసరికి సాయంత్రమైంది. గది తలుపు తీస్తే రెండు రోజులు మూసి ఉంచిన వాసన. కిటికీ తెరిచి, మంచం మీద కూర్చుని, ఫోన్లో అవ్వ వరస రికార్డు చేశాను, పల్లవిలో ఆగాల్సినంత సేపు ఆగి. తర్వాత అది మోగుతుంటే దాని మీద పై వరస పాడాను. మొదటిసారి తప్పాను. రెండోసారి కలిసింది. అదే కలయిక, నల్లాల దగ్గర విన్నదే. కాకపోతే కింద పాడుతున్నదీ నేనే. ఎంత చెవి పెట్టినా అది అవ్వ గొంతు కాలేదు. ఆ చోటు వచ్చినప్పుడు ఫోనూ ఆగింది, నేనూ ఆగాను. మళ్ళీ అందుకున్నాం.

మెట్ల మీద చప్పుడైంది. ఓనరు పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది, చిన్న పళ్ళెంలో రెండు గ్లాసుల చాయ్ పెట్టుకుని.

"ఇద్దరి గొంతు ఇనొస్తాంది కిందికి" అంది, గదిలోకి తొంగి చూస్తూ. "మంచిగ పాడుతున్నరు. మీటింగుల దోస్తు ఎవలన్న వచ్చిన్రనుకున్న. ఏరి బిడ్డా?"

"ఎవరు లేరు పెద్దమ్మా. నేనే" అన్నాను.

ఆమె ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, "సల్లారిపోతది, తాగు" అని కిందికి వెళ్ళిపోయింది.

రెండు గ్లాసులూ నేనే తాగాను.